గార్డు బాబాయి ఫోను కోసిన సాయంత్రం

మా ఊరి తెలుగువాళ్లు నాకు పెట్టిన పేరు కత్తెర దీదీ. నేను బట్టలు కుట్టే మనిషిని కాను. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్‌లో రోజూ సాయంత్రం వచ్చే తెలుగు గంటని రిటైరయ్యేదాకా నడిపినదాన్ని. ఆ పేరు వెటకారానికి పెట్టారని నాకు తెలుసు. అయినా బజార్లో ఎవరైనా అలా పిలిస్తే వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఇప్పటికీ చూస్తాను.

ఈమధ్య మైకు పట్టుకోవడం నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి, మీ ఉద్యోగంలో మీరు గర్వపడే రోజు ఏది మేడమ్ అని అడిగారు. ఏ మంత్రినో నిలదీసిన కథ చెబుతాననుకున్నారు కాబోలు. ఊరంతా నన్ను తిట్టిన రోజుల గురించి మొదలుపెట్టేసరికి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టీ చల్లారిపోయింది గానీ కథ పూర్తి కాలేదు. అందుకని వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ కథలో సిపాయిగా ఉన్న ఒక మనవడు వస్తాడు. అతను క్షేమంగా తిరిగొచ్చాడు, ఇప్పుడు పెళ్లయి ఒక పిల్లవాడు కూడా ఉన్నాడు. ఈ సంగతి చివరిదాకా దాచి మిమ్మల్ని కంగారు పెట్టడం నాకు చేతకాదు. యుద్ధం కబురు చెప్పేటప్పుడు వినేవాళ్ల గుండెతో ఆడుకోకూడదన్నది నా మొండి పట్టు. దానికోసమే ఇన్ని తిట్లు తిన్నాను.

మా స్టేషన్ సుభాష్‌పల్లిలో ఒక మేడ మీద ఉండేది. కింద మిఠాయి దుకాణం, పైన మేం. తెలుగు గంటలో మొదట ఢిల్లీ నుంచి వచ్చే వార్తల్ని తెలుగు చేసి చదివేదాన్ని. తరువాత ఊరి కబుర్లు, పాటలు, ఫోన్లు. రైల్వే క్వార్టర్లలో ముసలివాళ్లు రేడియో పెట్టుకుని వినేవారు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో షిఫ్టు దిగి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు చెవుల్లో తీగలు పెట్టుకుని వినేవారు. నాతోపాటు పనిచేసేది ఇద్దరే. ఒకరు మా మేనేజరు, బెంగాలీ ఆయన, వయసులో నాకన్నా చిన్నవాడైనా అందరూ దాదా, అంటే అన్నా, అనేవాళ్లం. ఇంకొకరు మా టెక్నీషియన్. మన తెలుగువాడే, చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఎంత గొడవ జరుగుతున్నా నోట్లో మరమరాలు నములుతూ మీటలు జరిపేవాడు.

సరిహద్దులో కాల్పులు మొదలైన రోజున నేను మా గది తలుపు వెనక ఒక కాగితం అంటించాను. ఊరి పేరు చెప్పం, పటాలం పేరు చెప్పం, రైలు సంగతి అసలే చెప్పం. ఇది నా సొంత తెలివి కాదు, ఈ పనిలో ఉన్న ఎవరైనా పాటించాల్సిందే. కానీ మా ఊళ్లో ఇది పాటించడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలియదు. తెలుగు ఇళ్లలో సగం ఇళ్లకి రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఒక బావమరిదో, సిగ్నల్ కేబిన్‌లో ఒక తోడల్లుడో ఉంటాడు. ఏ బండి ఏ లైను మీదికి వస్తోందో స్టేషన్ మైకు కన్నా ముందు వంటింట్లో తెలుస్తుంది.

నేను రికార్డరు పట్టుకుని సిపాయిల ఇళ్లకి వెళ్లేదాన్ని. తల్లులు కొడుకులకి చెప్పే మాటలు రికార్డు చేసుకొచ్చి రేడియోలో వేసేదాన్ని. ఒక తల్లి, "నాన్నా, ఆ కొండ మీద సలి ఎక్కువట, మఫ్లరు కట్టుకో" అంటూ కొండ పేరు కూడా చెప్పింది. నేను కొండ పేరు తీసేసి చలిని ఉంచాను. మర్నాడు ఆవిడ మేడ మెట్లెక్కి వచ్చింది.

"నా కొడుకు ఎక్కడున్నాడో మా వీధి వీధంతటికీ తెలుసు. మీ రేడియోకి తెలిస్తే తప్పేటి?"

"వీధికి తెలిస్తే వీధిలోనే ఉంటుందమ్మా."

"అలాగేటి? మరి టీవీలో మేపులేసి బాణాలు పెట్టి సూపిస్తన్నారు. ఆలకి నేని భయం నీకేటి?"

టీవీ చేసిందని నేనూ చేయనన్న జవాబు ఆవిడకి నచ్చలేదు. ఇంకో పెద్దాయన ఫోను చేసి, టీవీలో సైరన్లు మోగుతుంటే మీరు పెళ్లి శుభలేఖ చదివినట్టు చదువుతున్నారు, మీకు దేశమంటే లెక్క లేదా అన్నాడు. ఖరారు కాని వార్తని ఖరారు కాలేదని చెబితే, మీరు శత్రువు పక్షమా అన్నవాళ్లూ ఉన్నారు. అన్నీ విన్నాను. ఆ రోజుల్లో నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు గానీ, చదివిన ఒక్క వార్త కూడా మర్నాడు వెనక్కి తీసుకోవలసిన అవసరం రాలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు అనను. గొప్ప కోసమే చెబుతున్నాను.

మా ఊళ్లో ఒక ఆచారం ఉంది. సిపాయిల్ని తీసుకెళ్లే మిలిటరీ స్పెషల్ మా స్టేషన్‌లో ఆగితే, తెలుగు కుటుంబాలు అన్నం తీసుకెళ్లి అందిస్తాయి. ఎప్పటి యుద్ధంలోనో మొదలైందట. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చిన్నప్పుడు కిటికీల్లోంచి పొట్లాలు అందించిన సంగతి చెప్పేవాడు. ఈసారి కాల్పులు మొదలవగానే గుడి కమిటీ, చర్చి స్త్రీల సంఘం కలిసి వండాలని నిర్ణయించుకున్నారు. పులిహోర దగ్గర అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. పేచీ కోడిగుడ్డు దగ్గర వచ్చింది. యుద్ధానికి పోయే కుర్రాళ్లకి గుడ్డయినా పెట్టకపోతే ఎలాగని చర్చి ఆడవాళ్లు, మా గిన్నెల్లో కుదరదని గుడివాళ్లు. చివరికి గుడ్లు చర్చి వెనక ఉడికించి, పొట్లంలో పక్కన పెట్టకుండా విడిగా చేతికి ఇవ్వాలని రాజీ కుదిరింది. ఇక కావలసింది బండి ఎప్పుడొస్తుందన్న కబురు. ఆ కబురు రేడియోలో చెప్పమని నా దగ్గరికి మనుషులొచ్చారు. నేను చెప్పనన్నాను.

"వాట్సాప్‌లో ఎలాగూ తిరుగుతాది కదా దీదీ" అన్నాడు ఒకాయన.

"వాట్సాప్‌లో తిరిగితే పుకారు. నేను చదివితే వార్త" అన్నాను. ఆ మాటకి నేనే కొంచెం మురిసిపోయాను.

అలా ఉండగా ఆ సాయంత్రం వచ్చింది. ఫోన్లు తీసుకుంటున్నాను. గార్డు బాబాయి లైన్లోకి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. కుర్రతనం నుంచి గార్డుగా బళ్లు నడిపి రిటైరై, కొడుకు పోయాక కోడలితో ఉంటున్నాడు. మనవణ్ని తనే పెంచి సైన్యంలో చేర్చాడు. గుండెకి మిషను పెట్టించుకున్న సంగతి ఊరంతటికీ తెలుసు. వారానికి ఒక్కసారైనా ఫోను చేసి పాత పాట అడిగేవాడు. నాకు ఆయనంటే ఇష్టం.

"అమ్మా, నమస్కారం. ఇవాళ పాట కాదు. మనోలందరికీ ఒక మంచి కబురు. మా బాబు ఎక్కిన మిలిటరీ స్పెషలు టాటానగర్ వైపు పోతా మన స్టేషన్లో..."

మా బల్ల మీద ఫేడర్ అని ఒక మీట ఉంటుంది. కిందికి లాగితే గొంతు ఆగిపోతుంది. లాగేశాను. బండి వచ్చే వేళ ఆయన నాలుక చివర ఉండగా లాగేశాను. టెక్నీషియన్ నములుతున్నది ఆపి, చేతికి అందిన పాట వేసేశాడు. అది పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు వాయించే రకం పాట.

పాట మోగుతుండగా టెక్నీషియన్ అన్నాడు, "లైను కట్టయిపోయిందని సెప్పేయండి అక్కా. అందరూ ఊరుకుంతారు."

"కట్టవలేదు కదా."

"ఎవుడికి తెలుస్తాది?"

"నాకు తెలుసు కదా."

నా ముందు మూడు దారులు ఉన్నాయి. ఎందుకు ఆపానో చెబితే, బండి వస్తోందని నేనే చెప్పినట్టు. లైను తెగిందంటే అబద్ధం. యుద్ధం రోజుల్లో మైకులో చిన్న అబద్ధం ఒకటి ఆడితే పెద్దది ఆడటానికి మొహమాటం పోతుంది. మిగిలింది మౌనం. పాట అయిపోయాక ఏమీ జరగనట్టు తరువాతి ఫోను తీసుకున్నాను.

మనిషి గొంతు మాట మధ్యలో తెగిపోయి, వెంటనే పెళ్లి పాట వస్తే వినేవాళ్లు ఏమనుకుంటారు? నేను ఆ సంగతి ఆలోచించలేదు. గార్డు బాబాయి ఫోన్లోనే కుప్పకూలిపోయాడని సుభాష్‌పల్లి అంతా అనుకుంది.

బండి ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉండాలని గుడి దగ్గర వండుతున్న పులిహోర దగ్గర కోడలు ఉంది. బాబాయి ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని, మనవడికి కనబడటానికి ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు తొడుక్కుంటున్నాడు. ఇంతలో తలుపు విరిగింది. పది మంది లోపల పడ్డారు. "నాకేటి నేదురా, వొదలండ్రా" అని ఆయన అరుస్తుంటే, గుండె నొప్పి వచ్చినవాళ్లు అలాగే అంటారని ఒకడు తేల్చాడు. సగం తొడిగిన ప్యాంటుతోనే ఎత్తి టోటో అనే బ్యాటరీ రిక్షాలో వేసుకుని రైల్వే ఆసుపత్రికి పట్టుకుపోయారు. అక్కడ బీపీ చూస్తే, అంత సేపు అరిచిన మనిషికి ఎంత ఉండాలో అంతా ఉంది. డాక్టరు మంచం దిగనివ్వలేదు.

ఆయన మంచం మీద ఉండగానే బండి వచ్చింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. వండేవాళ్లతో సహా అందరూ ఆసుపత్రి ముందే ఉన్నారు, ప్లాట్‌ఫారం మీద తెలుగు మనిషి ఒక్కడు లేడు. మనవడు తలుపు దగ్గర నిలబడి తాత కోసం చూశాడట. వండిన పులిహోర గుండిగల్లో అలాగే ఉండిపోయింది. గుడ్ల సంగతి తరువాత ఎవరూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి నా మీద వర్షం మొదలైంది. ఫోన్లు, చీటీలు, వాట్సాప్‌లో గొంతులు. సిపాయిల నోటి దగ్గర కూడు లాగేసింది అన్నారు. ముసలాయన చావుబతుకుల్లో ఉంటే డ్యాన్సు పాట వేసింది అన్నారు. రైల్వే వాళ్ల ఉప్పు తిని రైల్వే వాళ్ల నోరు నొక్కింది అన్నారు. మా నాన్న పేరు చెప్పి, ఆయన కూతురివేనా నువ్వు అన్న ఒక గొంతు నన్ను బాగా గుచ్చింది.

దాదా నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. మంచివాడే, కానీ గొడవంటే ఆయనకి భయం.

"దీదీ, రేపు మాఫీ చెప్పేయండి. ఫోను ఆపడం తప్పని ఒక్క మాట. ఖతం."

"ఆపడం తప్పు కాదు దాదా."

"నాకు తెలుసు. వాళ్లకి తెలియదు కదా. చెప్పకపోతే పైవాళ్లు ఫోన్లు తీసేయమంటున్నారు. తెలుగు గంటలో ఇక రికార్డు పాటలే. మీరు కూడా అక్కర్లేదు అప్పుడు."

నా ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఆ ఫోన్లు పోతాయన్న బాధ ఎక్కువైంది. ఊళ్లో మన భాషలో మన గొంతులు బయటికి వినిపించే చోటు అదొక్కటే. ఆ ముసలివాళ్లు పాట అడిగే వంకతో ఒకరికొకరు బతికే ఉన్నామని చెప్పుకునేవారు. ఒక్క అబద్ధపు క్షమాపణతో అదంతా నిలబడుతుందంటే మనసు ఊగదా? ఊగింది. సాయంత్రం దాకా ఊగింది.

అప్పుడు గార్డు బాబాయి ఇంటికి వెళ్లాను. విరిగిన తలుపుని తాడుతో కట్టారు. కోడలు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. బాబాయి కుర్చీలోంచి లేవలేదు.

"నాను కోడిపిల్లననుకున్నావేటి, మెడ పిసికినావు?" అన్నాడు.

"బాబాయ్, ఆ మాట గాల్లోకి వెళ్లకూడదు. మీకు నేను చెప్పాలా?"

"నాకు సెప్పొద్దు. ఎనకట యుద్ధంలో బండి నడిపినాను. ఏ లైను మీద పోతన్నానో మీ పిన్నికి కూడా సెప్పలేదు. తిరిగొచ్చినాక కూడా సెప్పలేదు."

"మరి ఆరోజు?"

ఆయన తాడు కట్టిన తలుపు వైపు చూశాడు. "ఆరోజు ఆడు పొద్దున్న ఫోన్ చేసినాడు. తాతా, ఒక్కసారి కనబడతావా అన్నాడు. ఇక నాకేటీ తోసలేదు పాపా. ఊరంతా వొచ్చి ఆణ్ని సూడాలనిపించినాది."

ఆయన కళ్లు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు. కోడలు లోపల్నుంచి టీ తెచ్చి నా ముందు పెట్టింది. టీ ఇచ్చినంత మాత్రాన ఆవిడ కోపం పోలేదని గ్లాసు పెట్టిన చప్పుడులోనే తెలిసింది.

"నువ్వు కోసినావు, బాగానే కోసినావు" అన్నాడు బాబాయి చివరికి. "గానీ నాను సచ్చినానని ఊరు ఊరంతా అనుకునీలాగ ఏల కోసినావు?"

ఆదివారం చర్చి అయ్యాక తెలుగు హాల్లో సభ పెట్టారు. నన్ను పిలిచారు. గుడివాళ్లు, చర్చివాళ్లు అందరూ ఉన్నారు. ఆ రెండు వర్గాల్నీ పులిహోర కలిపితే, నా మీద కోపం ఇంకా దగ్గర చేసింది. నేను నిలబడి నా మూడు దారుల కథ చెప్పాను. చెబితే బండి సంగతి చెప్పినట్టు, లైను తెగిందంటే అబద్ధం, అందుకే ఊరుకున్నాను అన్నాను. హాలు కొంచెం మెత్తబడింది. అప్పుడు రిటైరైన తెలుగు టీచరమ్మ లేచింది. నాకు చదువు చెప్పిన మనిషి. నా ఒత్తులు దిద్దిన ఆ గొంతు ఇప్పటికీ వింటే చేతులు కట్టుకోవాలనిపిస్తుంది.

"నువ్వు ఎందుకు ఆపావో మాకు చెప్పొద్దు. అది నీ వృత్తి. కానీ ఆపింది నేనే అని చెప్పొచ్చు కదా? మనిషి బాగానే ఉన్నాడని చెప్పొచ్చు కదా? అందులో రహస్యం ఏముంది, అబద్ధం ఏముంది?"

నాలుగో దారి ఒకటి ఉంది, నా కళ్ల ముందే ఉంది. అన్నేళ్లు మైకు ముందు కూర్చున్న నాకు అది కనబడలేదు. యుద్ధంలో ఏం దాచాలో నాకు తెలుసు. దాచినప్పుడు, దాచానని ఒప్పుకోవాలన్న సంగతి నన్ను తిట్టడానికి వచ్చిన మనిషి నేర్పింది. సిగ్గేసిందా అంటే, వేసింది. కానీ అంతకన్నా ఎక్కువగా సంతోషమేసింది. ఇలా వినేవాళ్లు ఉన్న రేడియో ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి.

స్టేషన్‌కి తిరిగొచ్చి దాదాతో చెప్పాను. రేపు నాకు వచ్చిన తిట్లన్నీ వాళ్ల మాటల్లోనే చదువుతాను. ఫోను ఆపినందుకు క్షమాపణ చెప్పను. చెప్పకుండా ఊరుకున్నందుకు చెబుతాను. ఆ తరువాత గార్డు బాబాయిని స్టూడియోలో కూర్చోబెట్టి మైకు ఇస్తాను, లైవ్.

"లైవా? రికార్డు చేసి వేయొచ్చు కదా దీదీ. ఆయన మళ్లీ ఏదైనా అనేస్తే?"

"అంటే మళ్లీ ఆపుతాను. ఆయన మాట కోసి, ఇప్పుడు ఆయన మాటని దిద్ది వేస్తే అది ఇంకో కోత."

దాదా కిటికీలోంచి కింద మిఠాయి దుకాణం వైపు చూశాడు. "ఠీక్ హై" అన్నాడు. ఆ రెండు ముక్కలు అనడానికి ఆయనకి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు నుంచే.

మర్నాడు సాయంత్రం తిట్లన్నీ చదివాను. మా నాన్న పేరు ఎత్తిన తిట్టు కూడా చదివాను, పేరు ఒక్కటి వదిలేసి. తరువాత చెప్పాను. "ఆ రోజు లైను తెగలేదు. ఫోను నేనే ఆపాను. అలాంటి మాట మళ్లీ వస్తే మళ్లీ ఆపుతాను, ఎవరిదైనా సరే. కానీ ఇకమీదట ఎప్పుడు ఆపినా వెంటనే రెండు మాటలు చెబుతాను. ఆపింది నేనే. మనిషి బాగున్నారు. ఆ రోజు ఈ రెండు మాటలు చెప్పనందువల్ల ఒక పెద్దాయన తన మనవణ్ని చూసుకోలేకపోయారు. అందుకు నన్ను క్షమించండి."

అద్దం అవతల టెక్నీషియన్ నమలడం మానేసి నావైపే చూస్తున్నాడు. మీకు ఇంకో సంగతి చెప్పాలి. అప్పటికి సరిహద్దులో కాల్పులు ఆగలేదు. మనవడు అక్కడే ఎక్కడో ఉన్నాడు. నా ఎదురుగా కూర్చున్న మనిషి కోపంతోనో, దుఃఖంతోనో ఒక్క పేరు పలికితే, నేను నిలబెట్టుకోవాలనుకున్నదంతా పోతుంది. బాబాయి మైకు ఫేడర్ పైకి జరిపి, వేలు దాని మీదే ఉంచాను.

బాబాయి తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు. ఈసారి పూర్తిగా.

"అందరికీ నమస్కారం. నాను బతికే ఉన్నాను. ఇది మొదాట సెప్పాల." అద్దం అవతల నవ్వు. "మా తలుపు ఎవుడు ఇరగ్గొట్టినాడో నాకు తెలుసు. వొచ్చి బాగుసేస్తే మంచిది. మరేటంటే, వీధిలో కనబడ్డోలందరూ ఒకటే అడగతన్నారు. మీ మనవడు ఎక్కడున్నాడు, ఎక్కడున్నాడు అని. నిన్న ఆడు ఫోన్ చేసినాడు. శానాసేపు మాటాడినాడు. ఎక్కడున్నాడో, ఏటి సేస్తన్నాడో అంతా సెప్పినాడు. నాకు తెలుసు."

ఆగాడు. నా వేలు బిగుసుకుంది. ఆయన నా వేలు వైపే చూశాడు, తరువాత నా మొహం వైపు.

"సెప్పను" అన్నాడు.

"ఇక అన్నం సంగతి. ఏ బండి ఎప్పుడొస్తాదో అడక్కండి. అడిగితే నాను సెప్పను, ఈ అమ్మ సెప్పదు. రోజూ వండండి. కొంచెవే వండండి. సాయంత్రం పట్టుకొని ప్లాటుఫారం మీదకి రండి. ఏ బండి వొస్తే ఆ బండికి పెట్టండి. సిపాయిలుంటే సిపాయిలు తింతారు. నేకపోతే జనరల్ డబ్బాలో కూలికి పోయినోలు ఉంతారు, ఆలు తింతారు. ఆలకి మాత్రం అమ్మ నేదేటి, తాత నేడేటి? గుడ్డు కూడా పెట్టండి. దాని గురించి మళ్లీ కొట్టుకోకండి."

ఫేడర్ మీద నుంచి వేలు తీసేశాను. గార్డు బాబాయి ఇంకా మాట్లాడుతున్నాడు. తెలుగు గంట అయిపోయింది, తరువాతి బెంగాలీ కార్యక్రమం వాళ్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. దాదా వాళ్లకి చెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఆపలేదు.